కాలువ కింది ఊళ్లు, కలిసి వేయాల్సిన జ్వరాల లెక్క



ఈ రాయచూరు నేలమీద ఇంటింటికీ తిరిగి, జ్వరం తగిలినవాళ్ల వేలికొస నుంచి నెత్తురు చుక్క తీసి గాజుపలక మీద పూసిన ఆరోగ్య కార్యకర్తల స్మృతిలో జరుగుతున్న ఉపన్యాసం ఇది. వాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. వాళ్ల పేర్లు శిలాఫలకాల మీద కనబడవు. చేతిరాత మాత్రం చాలాకాలం పల్లెటూరి ఇళ్ల గోడల మీద ఉండేది. గుమ్మం పక్కన ఒక గడి, అందులో వచ్చివెళ్లిన తేదీ, మందు కొట్టిన తేదీ, పొడి అక్షరాల సంతకం. ఆ తేదీలూ ఆ స్లైడ్లూ ఆరోగ్య కేంద్రం నుంచి జిల్లాకూ, జిల్లా నుంచి ఢిల్లీకీ చేరి దేశపు మలేరియా లెక్క అయ్యాయి. ఈరోజు నేను మాట్లాడేది ఆ లెక్క గురించే. జబ్బు ఎటు నడుస్తుందో ముందుగా అంచనా కట్టే గణితం గురించి, ఆ గణితాన్ని ఎవరెవరు కలిసి వేయాలన్న దాని గురించి.

మోడల్ అన్న మాట వినగానే బెదరనక్కర్లేదు. కోతకు పదిహేను రోజుల ముందు గట్టు మీద నిలబడి, కంకి పొడవు చూసి, తాలు ఎంత ఉందో గింజ నలిపి చూసి, ఎకరాకు ఇన్ని బస్తాలు అని చెప్పే రైతు చేసేది అదే పని. అంటువ్యాధికి మోడల్ వేసేవాళ్లూ కొన్ని గుర్తులు చూస్తారు, వాటి మధ్య సంబంధాన్ని సమీకరణాల్లో రాస్తారు, ఇలా చేస్తే ఇంతమందికి వస్తుంది, అలా చేస్తే అంతమందికి వస్తుంది అని చెబుతారు. దాన్నిబట్టి దోమతెరలు ఎన్ని కొనాలి, టీకా ఏ నెలలో వేయాలి, ఏ ఊరికి ముందు వెళ్లాలి అని అధికారులు నిర్ణయించుకుంటారు.

ఈ విద్యకు పుట్టినిల్లు మనకు దూరం కాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు, మలేరియా రోగిని కుట్టిన దోమ కడుపు కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే మలేరియా పరాన్నజీవి కనిపించింది. అప్పుడు ఈ రాయచూరు కూడా నిజాం రాజ్యంలోనే ఉంది. 1956 దాకా మనమూ బేగంపేటా ఒకే రాజ్యం. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చిన సంగతి పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. ఆ తర్వాత ఆయన చేసిన పని చాలామందికి తెలియదు. 1908లో మారిషస్ దీవి మీద రాసిన నివేదికలోనూ, 1911 నాటి పుస్తకంలోనూ ఆయన మలేరియాను సమీకరణాల్లో పెట్టాడు. ప్రతి దోమనూ చంపితే తప్ప మలేరియా పోదని అప్పటి వైద్యులు చాలామంది నిరాశపడేవారు. అది నిజం కాదని రాస్ లెక్క చూపించింది. మనిషికి ఇన్ని దోమలు అన్న నిష్పత్తి ఒక హద్దు కిందికి దిగితే చాలు, దోమలు మిగిలి ఉన్నా జబ్బు తనంతట తాను సన్నగిల్లిపోతుంది. ప్రజారోగ్యంలో ఎంత చేస్తే చాలు అన్న ప్రశ్నకు గణితం ఇచ్చిన తొలి గట్టి జవాబుల్లో ఇదొకటి.

1901లో రాస్ వెంట సియెరా లియోన్ వెళ్లిన యువవైద్యుడు మెక్‌కెండ్రిక్. తర్వాత ఆయన భారతదేశంలో ఏళ్ల తరబడి పనిచేశాడు. 1927లో కెర్మాక్ అనే రసాయన శాస్త్రవేత్తతో కలిసి ఆయన ప్రచురించిన వ్యాసమే ఈనాటి అంటువ్యాధి మోడళ్లలో చాలావాటికి మూలం. కెర్మాక్‌కు అప్పటికే ప్రయోగశాల ప్రమాదంలో రెండు కళ్లూ పోయాయి. ఒకరు జ్వరపీడితుల మధ్య తిరిగిన డాక్టరు, ఇంకొకరు చూపులేని గణితజ్ఞుడు. తమ సమీకరణాన్ని వాళ్లు సరిచూసుకున్నది బొంబాయిలో 1905 డిసెంబరు నుంచి 1906 జూలై దాకా వారంవారం నమోదైన ప్లేగు మరణాలతో. ఆ మరణాలను ఎవరో గుమాస్తాలు శ్రద్ధగా దస్త్రంలో ఎక్కించి ఉండకపోతే ఆ సమీకరణానికి ఆధారమే దొరికేది కాదు.

రాస్ లెక్కను 1950లలో జార్జ్ మెక్‌డొనాల్డ్ ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. ఆయన కనిపెట్టిన విషయం కాలువ కింది ప్రతి ఊరికీ తెలియాలి, అందుకే కొంచెం నిదానంగా చెబుతాను. దోమ కడుపులోకి వెళ్లిన మలేరియా పరాన్నజీవి వెంటనే ఇంకొకరికి అంటదు. మన వేడిలో దాదాపు పదిరోజులు దోమలోనే పెరగాలి. అంటే ఆ పదిరోజులు బతికిన దోమే ప్రమాదం. వంద దోమలున్నాయనుకుందాం. రోజుకు నూటికి తొంభై బతుకుతుంటే పదో రోజుకు 35 మిగులుతాయి. రోజుకు నూటికి ఎనభై మాత్రమే బతికితే పదో రోజుకు మిగిలేవి 11. రోజు చావు రెట్టింపైంది, ప్రమాదకరమైన దోమలు మూడోవంతుకు పడిపోయాయి. నీటిగుంటల్లో పురుగును సగానికి తగ్గిస్తే దోమలు సగం తగ్గుతాయి, అంతే. ఇంటి గోడ మీద వాలిన ముసలి దోమను చంపగలిగితే లాభం ఎన్నో రెట్లు. గోడలకు డీడీటీ కొట్టే కార్యక్రమం ప్రపంచమంతా పాకడం వెనక ఈ లెక్క ఉంది.

మన దేశంలో ఆ కార్యక్రమం 1953లో మొదలైంది. తుంగభద్ర ఆనకట్ట నుంచి కాలువకు నీళ్లు వదిలిందీ ఆ ఏడే. 1947లో దేశంలో ఏటా 7.5 కోట్ల మందికి మలేరియా వస్తుందని, 8 లక్షల మంది చనిపోతున్నారని అంచనా. 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. ఇక అయిపోయిందనుకున్నారు. 1976లో మళ్లీ 64.7 లక్షలు. దోమ మందుకు అలవాటుపడింది, డబ్బు తగ్గింది, స్లైడు తీసిన వారాల తర్వాత గానీ ఫలితం వచ్చేది కాదు. ఆ ఆలస్యానికి విరుగుడుగానే 1977 తర్వాత పరీక్షశాలలను ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు దించారు.

ఇంకొక కారణం ఉంది. అది కాగితాల్లో కంటే ఇళ్లలో బాగా కనబడుతుంది. మందు కొట్టిన గోడకు పండుగ వచ్చిందంటే పేడతోనో మట్టితోనో మళ్లీ అలుకుతారు. ఇంట్లో ఆడవాళ్లకు అది శుభ్రత, ఆచారం. మోడల్‌లో మాత్రం ఆ ఇల్లు మందు కొట్టిన ఇల్లుగానే ఉంటుంది. నూటికి ఎనభై ఇళ్లకు రక్షణ ఉందని లెక్క చూపిస్తుంది, గోడ మీద మందు పొర అలుకు కింద ఉంటుంది. ఏ ఊళ్లో ఏ పండుగకు గోడలు అలుకుతారో ఢిల్లీలో కూర్చున్న గణితజ్ఞుడికి తెలియాల్సిన అవసరం లేదు. తెలిసినవాళ్లు ఆయన పక్కన కూర్చోవాల్సిన అవసరం మాత్రం ఉంది. నా మాటల్లో సారం ఏదైనా ఉందంటే ఇదే.

పక్కన కూర్చోవడం ఎలా ఉంటుందో పంజాబ్ కథ చెబుతుంది. 1908 శరత్కాలంలో అక్కడ మలేరియా విరుచుకుపడి రెండు నెలల్లో దాదాపు 3 లక్షల మంది చనిపోయారు. దాన్ని పరిశోధించిన క్రిస్టఫర్స్ అనే వైద్యుడు దోమలను మాత్రమే చూసి ఊరుకోలేదు. కుండపోత వానలతో పాటు ధాన్యం ధరలు మండిన చోటే చావులు ఎక్కువని గమనించాడు. తర్వాత గిల్ అనే అధికారి 1921 నుంచి ఏటా మలేరియా అంచనాలు కట్టడం మొదలుపెట్టాడు. వాన లెక్క వాతావరణ శాఖ నుంచి తీసుకున్నాడు. గోధుమ ధర రెవెన్యూ వాళ్ల దగ్గర ఉంది. బడిపిల్లల్లో ఎందరికి కడుపులో బల్ల పెరిగిందో వైద్యసిబ్బంది పొట్ట తడిమి చెప్పారు. బల్ల ఎక్కువమందికి ఉంటే ఊరికి జబ్బు పాత అలవాటే అన్నమాట. బల్ల తక్కువ ఉండి, ఆకలి ఎక్కువ ఉండి, వాన ముంచెత్తితే అది ఆపద. కంప్యూటరు లేని రోజుల్లో మూడు శాఖల కాగితాలను ఒక బల్లమీద పరిచి, జ్వరం రాకముందే క్వినైన్ ఎక్కడికి పంపాలో ఆలోచించారు. అంచనాలన్నీ ఫలించాయని నేను అనను. గోధుమ ధరను జ్వరాల లెక్కలో కలపాలని తోచడమే గొప్ప. తిండిలేని శరీరం జ్వరానికి తట్టుకోలేదన్న సంగతి అందులో ఉంది. నేటి మోడళ్లు ఎన్నింటిలో ఆకలికి చోటుందో చూసుకోవాలి.

ఈ సభలో గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇక్కడి వలస ఊళ్లైన క్యాంపుల్లో స్థిరపడిన కుటుంబాలవాళ్లు ఉన్నారు కాబట్టి, లెక్కకు ఎవరిని తీసుకున్నామన్నది ఎంత ముఖ్యమో చూపే గుంటూరు జిల్లా సంగతి ఒకటి చెబుతాను. 2000 దశకం మొదట్లో మన దేశంలో ఎయిడ్స్ వైరస్ సోకినవాళ్లు 50 లక్షలకు పైనే అని ప్రభుత్వ అంచనా. ఆ అంచనాకు ఆధారం ప్రభుత్వాసుపత్రులకు వచ్చిన గర్భిణుల నెత్తురు, సుఖవ్యాధుల క్లినిక్కులకు వచ్చినవాళ్ల నెత్తురు. హైదరాబాద్ అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో పనిచేసిన లలిత్ దండోనా బృందం గుంటూరు జిల్లాలో పల్లెలనూ పట్టణాలనూ చీటీ తీసినట్టు ఎంపిక చేసి, 12,617 మంది నెత్తురు పరీక్షించింది. 2006లో ఫలితం వచ్చింది. ఆసుపత్రి లెక్కను బట్టి జిల్లాలో ఉన్నారనుకున్నవాళ్లు, నిజంగా ఉన్నవాళ్లకు దాదాపు రెండున్నర రెట్లు! సూత్రంలో తప్పేమీ లేదు. ప్రభుత్వాసుపత్రికి వచ్చేది ఎవరన్న దగ్గరే తేడా వచ్చింది. వైరస్ ఉందని తెలిసిన వాళ్లను ప్రైవేటు ఆసుపత్రులు అక్కడికి పంపేసేవి. పేదలే అక్కడికి ఎక్కువగా వెళ్లేవారు. వాళ్లను జిల్లా అంతటికీ ప్రతినిధులుగా తీసుకుంటే అంకె ఉబ్బింది. 2007లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నెత్తురు పరీక్షలు కూడా కలిపి, పలు సంస్థల నిపుణులు కూర్చుని లెక్క తిరగరాస్తే దేశపు అంకె 25 లక్షలకు దిగింది.

అంకె తగ్గిందని జబ్బు తేలిక అయిపోలేదు. 25 లక్షల మందికి జీవితాంతం మందులు ఇవ్వాలి. ఎంతమందికన్నది సరిగ్గా తెలిసినందువల్లే ఆ మందులకు సరిపడా ప్రణాళిక వేసుకోగలిగే వీలు కలిగింది.

ఇప్పుడు మన ఇంటి ముందున్న జబ్బుకు వస్తాను. తుంగభద్ర కాలువలు వచ్చాక సింధనూరు, మాన్వి, గంగావతి, సిరుగుప్ప వైపు మెట్టభూములు మాగాణులయ్యాయి. జొన్న చేలు వరిమడులయ్యాయి. అన్నం పెట్టిన ఆ నీళ్లే రెండు రకాల దోమలకూ ఇల్లయ్యాయి. నాట్లు వేసిన కొత్తలో, నీళ్లకు ఎండ తగిలే రోజుల్లో, మలేరియా మోసే అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ మడిలోనూ కాలువ ఊటల్లోనూ గుడ్లు పెడుతుంది. పైరు ఏపుగా పెరిగి నీళ్లను కప్పేశాక అది తగ్గుతుంది. అదే మడిలో మెదడువాపు వైరస్ మోసే క్యూలెక్స్ దోమ పెరుగుతుంది. ఒకే పొలం, ఒకే పంట, రెండు జబ్బులు, రెండు వేర్వేరు కాలాలు. జిల్లా అంతటికీ ఒకే తేదీన మందు కొట్టే ప్రణాళిక ఈ రెంటిలో ఒకదాన్ని తప్పకుండా వదిలేస్తుంది.

మెదడువాపు, అంటే జపనీస్ ఎన్‌సెఫలైటిస్, మన దేశంలో మొదట 1955లో వెల్లూరు ప్రాంతంలో బయటపడింది. తర్వాత కోలారు, మండ్య, కర్నూలు, బళ్లారి, మన రాయచూరు. ఈ జబ్బు మోడల్ వేసేవాళ్లకు ఒక పెద్ద పాఠం. వైరస్ పందుల్లోనూ కొంగల్లోనూ పెరుగుతుంది. దోమ అక్కణ్ణుంచి తెచ్చి మనిషిని కుడుతుంది. మనిషి నెత్తురులో వైరస్ చాలినంత ఉండదు కాబట్టి మనిషి నుంచి దోమకు తిరిగి వెళ్లదు. మనిషి దగ్గర దారి ఆగిపోతుంది. దీనివల్ల ఏమవుతుందో చూడండి. తట్టు జబ్బుకు నూటికి తొంభై ఐదుమంది పిల్లలకు టీకా వేస్తే మిగతా అయిదుగురికీ రక్షణ దొరుకుతుంది, ఎందుకంటే జబ్బు పిల్ల నుంచి పిల్లకే పాకుతుంది. మెదడువాపులో అలా కాదు. వందమందిలో తొంభై తొమ్మిదిమందికి టీకా వేసినా, ఆ మిగిలిన ఒక్క బిడ్డకు ప్రమాదం పిసరంత తగ్గదు. కొంగలకూ పందులకూ మన టీకాతో సంబంధం లేదు కదా. తట్టు మోడల్‌ను తెచ్చి ఇక్కడ అతికిస్తే, లక్ష్యం చేరాం, ఇక ఫరవాలేదు అనుకుంటాం. కాలువ చివరి గుడిసెలో, నాట్ల కూలీల వెంట వచ్చిన పసిబిడ్డ మిగిలిపోతుంది.

ఈ వైరస్ సోకిన వాళ్లలో సుమారు 250 మందిలో ఒకరికే తీవ్రమైన జబ్బుగా బయటపడుతుందని అంచనా. అంటే ఒక తాలూకాలో నలుగురు పిల్లలు ఫిట్స్‌తో ఆసుపత్రిలో చేరితే ఆ చుట్టుపక్కల దాదాపు వెయ్యిమందిని వైరస్ తాకి ఉండొచ్చు. తీవ్రంగా జబ్బుపడినవాళ్లలో నూటికి ముప్పైమంది దాకా చనిపోతారు. బతికినవాళ్లలో చాలామందికి మాట, నడక, తెలివి ఏదో ఒకటి దెబ్బతింటుంది. అలాంటి బిడ్డను ముప్పై ఏళ్లు ఎత్తుకు మోసే తల్లి కష్టాన్ని ఏ పట్టికలోనూ గడి గీసి చూపించలేం. అయినా ఆ భారాన్ని ప్రణాళికలో లెక్కించాలి, లేకపోతే టీకా ఖర్చు ఎప్పుడూ ఎక్కువగానే కనబడుతుంది. 2006లో చైనా టీకాతో దేశంలో సామూహిక కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ముందుగా ఎంచుకున్న కొద్ది జిల్లాల్లో బళ్లారి ఒకటి. కోలారులో దొరికిన వైరస్ రకంతో హైదరాబాద్ భారత్ బయోటెక్ తయారుచేసిన జెన్‌వ్యాక్ టీకా 2013లో వచ్చింది. కన్నడ నేల మీద దొరికిన వైరస్, తెలుగు నేల మీద తయారైన టీకా. మన సరిహద్దు ఊళ్లకు ఇది గర్వంగా చెప్పుకోదగ్గ విషయం.

మోడల్ వేసేముందు జబ్బేదో తెలియాలన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2003లో ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలకు జ్వరం, ఫిట్స్ వచ్చి గంటల్లో ప్రాణాలు పోయాయి. 329 మంది పిల్లలు జబ్బుపడితే 183 మంది చనిపోయారు. లక్షణాలు చూసి మెదడువాపు వైరసే అనుకోవడం సహజం. పుణె జాతీయ వైరాలజీ సంస్థ నమూనాల్లో కనుగొన్నది చాందీపుర వైరస్. దాన్ని మోసేది ఇసుక ఈగ. అది పుట్టేది వరిమడిలో కాదు, గోడ పగుళ్లలో, గొడ్ల కొట్టాల్లో, చెత్తపోగుల్లో. వరిమడుల మోడల్ పట్టుకుని కూర్చుంటే ఆ పిల్లలకు ఏ మేలూ జరిగేది కాదు. ప్రయోగశాల లేని మోడల్ నమ్మదగింది కాదు.

కోవిడ్ రోజుల్లో మోడల్ అన్న మాట ప్రతి ఇంటికీ చేరింది. ఆ కాలపు సంగతులు రెండు చెబుతాను. మొదటిది మన తెలుగువాళ్ల సాధన. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఆరోగ్యశాఖల సిబ్బంది జబ్బుపడిన 84,965 మందిని, వాళ్లతో మసలిన 5,75,071 మందిని వెతికి పట్టుకుని పరీక్షించారు. ఆ వివరాలను రమణన్ లక్ష్మీనారాయణ్ బృందం, రెండు రాష్ట్రాల అధికారులు కలిసి విశ్లేషించి 2020లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. నూటికి డెబ్బై మంది రోగులు తమతో మసలిన వాళ్లలో ఒక్కరికీ అంటించినట్టు కనబడలేదు. వ్యాప్తిలో ఎక్కువ భాగం కొద్దిమంది ద్వారానే జరిగింది. అప్పటిదాకా ప్రపంచానికి చాలావరకు సంపన్న దేశాల లెక్కలే దిక్కు. మన ఏఎన్ఎంలు, ఆశాలు, వాలంటీర్లు ఇల్లిల్లూ తిరిగి రాసిన పేర్లు ప్రపంచ శాస్త్రానికి కొత్త మాట చెప్పాయి. వాళ్లకు ఈ వేదిక మీంచి నమస్కరిస్తున్నాను.

రెండోది బాధాకరం. గుంటూరులో పుట్టి ప్రపంచ ఖ్యాతి పొందిన గణితజ్ఞుడు మాతుకుమల్లి విద్యాసాగర్ అధ్యక్షతన కేంద్రం ఒక జాతీయ మోడల్ కమిటీని వేసింది. 2020 అక్టోబరులో ఆ కమిటీ, శిఖరం దాటిపోయాం, జాగ్రత్తలు పాటిస్తే ఫిబ్రవరికల్లా జబ్బు బాగా తగ్గుతుంది అని చెప్పింది. 2021 మే మొదటి వారంలో రోజుకు 4 లక్షలకు పైగా కేసులు వచ్చాయి. కొత్త రకం వైరస్ వస్తుందన్నది ఆ సమీకరణంలో లేదు, ఉండటం కష్టం కూడా. వాళ్ల ప్రతిభ మీద నాకు అనుమానం లేదు. జాగ్రత్తలు పాటిస్తే అన్న షరతు వార్తల్లో జారిపోయింది, మంచి కబురు మాత్రం మిగిలింది. ఒకే మోడల్ మీద దేశం భారమంతా వేయడం, ఆ మోడల్ చెప్పిన మంచి కబురునే వినాలనుకోవడం మన అందరి లోపం. అదే కాలంలో అమెరికాలో పదుల సంఖ్యలో బృందాలు ఒకే తీరులో తమ అంచనాలను వారంవారం ఒకచోట చేర్చేవి. అవన్నీ కలిపి తీసిన ఉమ్మడి అంచనా, చాలావరకు ఏ ఒక్క బృందం అంచనాకన్నా నికరంగా నిలిచిందని తర్వాత తేలింది. టీకాల ప్రభావాన్ని అంచనా కట్టడానికి 2016లో ఏర్పడిన అంతర్జాతీయ బృందంలోనూ ప్రతి జబ్బుకు కనీసం రెండు మోడళ్లు పక్కపక్కన నడుస్తాయి. మెదడువాపు కూడా ఆ జాబితాలో ఉంది. మన దేశంలో ఐఐటీ బొంబాయి కేంద్రంగా ఇలాంటి ఉమ్మడి ప్రయత్నం మొదలైంది. ఒకరి లెక్కను ఇంకొకరు ప్రశ్నించే ఏర్పాటు ఉంటేనే అది కలిసి చేసే పని. అందరూ ఒకే గదిలో తలలు ఊపితే కాదు.

బెంగళూరు, ముంబై నగరాలకు ఐఐఎస్‌సీ, టీఐఎఫ్‌ఆర్ శాస్త్రవేత్తలు 2020లో మనిషి మనిషినీ విడివిడిగా లెక్కలో పెట్టి మోడల్ తయారుచేశారు. ఇల్లు, బడి, ఆఫీసు, రైలు అన్నీ అందులో ఉన్నాయి. ఇక్కడ అది పనికిరావాలంటే ఇల్లు, బడి పక్కన నాట్ల ముఠా ఉండాలి, సంత ఉండాలి, జాతర ఉండాలి. కోతల కాలంలో కళ్లం దగ్గర పడుకునే మగవాళ్లు దోమతెర ఇంట్లో వదిలి వెళతారు. వానలు మొహం చాటేసిన ఏడు ఇక్కడి కుటుంబాలు బెంగళూరు కట్టడాల పనికి వలసపోతాయి. లెక్కలో వాళ్లు ఇంట్లో ఉన్నట్టే ఉంటారు. తిరిగి వచ్చేటప్పుడు వాళ్లతో వచ్చే జ్వరానికి ఊరి పేరు పడుతుంది.

కాలువ సంగతి మరీ ముఖ్యం. ఎడమ కాలువ మొదట్లో నీళ్లు ముందే అందుతాయి. చివరి ఆయకట్టు అయిన మాన్వి, సిరవార, రాయచూరు వైపు ఆలస్యంగా, తక్కువగా అందుతాయన్నది ఇక్కడి రైతుల పాత గోడు. నీళ్లు ఆలస్యమైతే నాట్లు ఆలస్యం, నాట్లు ఆలస్యమైతే దోమల కాలమూ జరుగుతుంది. 2024 ఆగస్టు 10 రాత్రి ఆనకట్ట 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు నీళ్ల లెక్కంతా తలకిందులు అవుతుందేమోనని అందరం భయపడ్డాం. పంట గురించి భయపడ్డాం, అది న్యాయమే. జ్వరాల కాలెండరు కూడా ఆ గేటుతో ముడిపడి ఉందని ఎవరికీ తట్టలేదు.

అందువల్ల నేను కోరేది ఇది. ఆయకట్టుకు నీళ్లు ఎప్పుడు వదలాలో నిర్ణయించే నీటిపారుదల సలహా సమావేశంలో ఆరోగ్యశాఖకు ఒక కుర్చీ వేయాలి. ఏ డిస్ట్రిబ్యూటరీకి, అంటే ఏ ఉపకాలువకు, ఏ తేదీన నీళ్లు అన్న పట్టిక ఇంజినీర్ల దగ్గర ఉంటుంది, అది ఆ వారమే జిల్లా మలేరియా అధికారికి చేరాలి. నాట్ల తేదీలు వ్యవసాయశాఖ నుంచి, పందుల పెంపకం ఎక్కడెక్కడో పశువైద్యుల నుంచి, ఫిట్స్‌తో చేరిన పిల్లల వివరాలు రాయచూరు వైద్యకళాశాల ఆసుపత్రి నుంచి రావాలి. సరిహద్దు అవతల కర్నూలు, గద్వాల జిల్లాల వాళ్లు కూడా అదే సమావేశంలో ఉండాలి. దోమలూ కొంగలూ రాష్ట్ర సరిహద్దు చూసి ఆగవు. గణితం తెలిసినవాళ్లు రెండు బృందాలైనా ఉండాలి. అంచనా ఒకే అంకెగా కాకుండా తక్కువైతే ఇంత, ఎక్కువైతే ఇంత అని రావాలి. పరీక్ష కిట్లూ దోమతెరలూ ఆ ఎక్కువ అంకెకు సరిపడా ముందే తెప్పించి పెట్టుకోవాలి. మిగిలినా నష్టం కొద్దిదే, చాలకపోతే ప్రాణనష్టం.

ఒక హెచ్చరిక కూడా. పందులు ఎక్కువున్న వాడ మోడల్ పటంలో ఎర్రగా కనబడుతుంది. ఆ ఎరుపును చూపి పందులు పెంచుకునే కుటుంబాలను ఊరి నుంచి గెంటేస్తే అది ప్రజారోగ్యం కాదు, దౌర్జన్యం. ఆ కుటుంబాల పిల్లలకే ముందుగా టీకా, తెర అందాలి. దొడ్లు ఎక్కడికి మార్చాలో వాళ్లతోనే మాట్లాడి, ఖర్చు ప్రభుత్వం భరించాలి. పటాన్ని తయారుచేసేటప్పుడే వాళ్లలో ఒకరిని కూర్చోబెట్టుకుంటే సగం తగాదా తీరుతుంది.

ఇక ఆశా కార్యకర్త. ఆమె రాసిన అంకె పైకి వెళుతుంది, తిరిగి రాదు. ఏళ్ల తరబడి ఇలాగే జరుగుతోంది. ఆమె ఊరి స్లైడ్లతో ఏ లెక్క వేశారో, ఏం తేలిందో ఆమెకు ఎవరూ చెప్పరు. రాసిన అంకె ఏమవుతుందో తెలియని మనిషి ఎంతకాలం శ్రద్ధగా రాస్తుంది? మోడల్ ఫలితం జిల్లాకు అందిన వారంలోగా ఒక పేజీలో, కన్నడంలోనూ తెలుగులోనూ, ప్రతి ఆరోగ్య కేంద్రం గోడకు అతికించాలి. అందులో మూడు సంగతులు చాలు. ఈ కాలానికి మా అంచనా ఇంత, పోయినసారి మా అంచనా ఇంత, పోయినసారి నిజంగా జరిగింది ఇంత. రెండోదానికీ మూడోదానికీ తేడా ఎక్కువుంటే ఎందుకొచ్చిందో ఆశాలనే ముందు అడగాలి. ఏ క్యాంపుకు కొత్తగా కూలీలు వచ్చారో, ఏ చెరువు ఎండిందో, ఏ ఇంట్లో తెరలు చేపల వలలయ్యాయో వాళ్లు చెబుతారు. వాళ్లు చెప్పింది వచ్చే ఏడు సమీకరణంలోకి ఎక్కాలి, చెప్పినవాళ్లకు ఆ కూర్చున్న రోజుకు భత్యం కూడా అందాలి.

వచ్చే ఖరీఫ్ నీళ్లు వదిలేలోపు దీన్ని ఒక్క డిస్ట్రిబ్యూటరీ కింది ఊళ్లతోనైనా మొదలుపెట్టవచ్చు. మీ మల్లట్ ఊరివాళ్లు పంచాయతీలో తీర్మానం చేసి జిల్లాకు పంపితే ఆ ఊళ్ల జాబితాలో మీ పేరు ముందుంటుంది.